సుధామణి పెట్టుకున్న అర్జీ

జూన్ మొదటి సోమవారం పొద్దున తొమ్మిది గంటలకి సుధామణి కంప్యూటర్ తెరిచేసరికి ఒక మెయిల్ వచ్చి ఉంది. చిన్నదే. జూలై ఒకటో తేదీ నుంచి ఉద్యోగులంతా వారానికి అయిదు రోజులూ ఆఫీసుకి వచ్చి పనిచేయాలి. ఇంటి నుంచి పనిచేసే వెసులుబాటు జూన్ నెలాఖరుతో సరి. ఆరోగ్య కారణాలేవైనా ఉన్నవాళ్ళు తగిన కాగితాలతో ఇరవయ్యో తేదీలోగా అర్జీ పెట్టుకోవచ్చు. కమిటీ నిర్ణయమే తుది నిర్ణయం.

ఆమె ఒకసారి చదివింది. రెండోసారి చదువుతుండగానే కడుపులో మెలిపెట్టింది. కుర్చీ వెనక్కి తోసి, గదికి ఆనించి కట్టించుకున్న బాత్రూములోకి పరుగెత్తింది. తిరిగొచ్చి కూర్చుంది. ఆ రోజు చూడాల్సిన ఫైళ్ళు ముప్పై రెండు వరసలో ఉన్నాయి. మొదటిది తెరిచింది గానీ, రోగి పేరు దాటి ఒక్క అక్షరం బుర్రకెక్కలేదు.

సుధామణికి ముప్పై నాలుగేళ్ళు. పుట్టింది నాగాయలంక అవతల, సముద్రానికి దగ్గరలో ఒక పల్లెలో. నాన్న కాశీరావు పడవ మీద వేటకి వెళ్ళేవాడు. వాళ్ళ వాడలో డిగ్రీ పూర్తిచేసిన మొదటి ఆడపిల్ల ఆమే. పెళ్ళయి చల్లపల్లి వచ్చింది. ఒక కూతురు, అక్కడే బళ్ళో చదువుతోంది. భర్త గణేష్ చెరువుల దగ్గర చేపలూ రొయ్యలూ కొని, ఐసు పెట్టెల్లో సర్ది, వ్యానులో విజయవాడ మార్కెట్టుకి తోలుతాడు. ఆమె ఉద్యోగం బెంజ్ సర్కిల్ దగ్గర నాలుగో అంతస్తులో ఉన్న ఒక కంపెనీలో. ఆసుపత్రుల నుంచి వచ్చే ఇన్సూరెన్సు కాగితాలు పరిశీలించి, అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో తేల్చడం పని. చేరిన కొత్తలో ఏడాదిన్నర పాటు రోజూ బస్సులో వెళ్ళొచ్చింది. పోను రెండు గంటలు, రాను రెండు గంటలు. తరవాత కరోనా వచ్చి అందర్నీ ఇళ్ళకి పంపేసింది. కంపెనీ కూడా అదే బాగుందనుకుని ఆఫీసులో సగం ఖాళీ చేసి, అలాగే కొనసాగించింది. అలా ఇంట్లో కూర్చునే సుధామణి పధ్నాలుగు మంది ఉన్న టీముకి ఇన్‌చార్జి అయింది.

జబ్బు వచ్చింది కూడా ఇంట్లో ఉన్న ఆ రోజుల్లోనే. నాలుగేళ్ళ కిందట మామూలు విరేచనాలనుకుని నెల రోజులు మజ్జిగా జావా తాగింది. రక్తం పడటం మొదలయ్యాక గణేష్ విజయవాడ తీసుకెళ్ళాడు. కెమెరా గొట్టం వేసి చూసిన డాక్టరు సాంబమూర్తి, పెద్దపేగు లోపలి పొరంతా పుళ్ళు పడిందనీ, దాన్ని అల్సరేటివ్ కొలైటిస్ అంటారనీ, పూర్తిగా పోయే జబ్బు కాదుగానీ మందులతో అణిచి ఉంచవచ్చనీ చెప్పాడు. అణిగి ఉన్న నెలల్లో ఆమె అందరిలాంటి మనిషే. తిరగబెడితే మాత్రం రోజుకి పదిసార్లు, పన్నెండుసార్లు. ఎన్నిసార్లన్నది అటుంచితే, అది ఎప్పుడొస్తుందో తెలియకపోవడమే ఆమెని తినేసేది. వచ్చిందని తెలిశాక రెండు మూడు నిమిషాలకి మించి ఆగదు. ఒకసారి ఘంటసాలలో పెళ్ళికి వెళ్ళినప్పుడు ఆ రెండు నిమిషాలూ చాలలేదు. ఆ రోజు కట్టుకున్న చీరని ఆమె మళ్ళీ కట్టలేదు, ఎవరికీ ఇవ్వలేదు, కాల్చేసింది. అప్పటి నుంచీ చుట్టాలిళ్ళకి వెళ్ళడం మానేసింది. స్టెరాయిడ్ మాత్రలకి మొహం ఉబ్బితే, ఇప్పుడు కాస్త కళ వచ్చిందే అన్నారు వీధిలో వాళ్ళు.

ఆఫీసులో ఒక్కరికీ ఈ సంగతి తెలియదు. ఇంట్లోంచి పని జరిగిపోతున్నంత కాలం చెప్పాల్సిన అవసరం రాలేదు. ఇప్పుడు ఇంట్లో ఉండాలంటే చెప్పాలి. చెప్పకపోతే బస్సెక్కాలి. 

ఆ మధ్యాహ్నం భోజనానికి వచ్చిన గణేష్‌కి మెయిల్ చూపించింది. అతను కంచం ముందు కూర్చునే చదివాడు.

"మానెయ్ మణీ," అన్నాడు. "ఎందుకొచ్చిన గోల? నేను లేనా?"

ప్రేమగానే అన్నాడు. ఆ ప్రేమే ఆమెకి ఇంకా భయం పుట్టించింది. ఎవరూ తప్పు పట్టకుండా మానేయడానికి దారి అంత దగ్గర్లో ఉందన్నమాట.

"మానేస్తే మళ్ళీ ఈ వయసులో, ఈ జబ్బుతో ఎవరిస్తారండీ ఉద్యోగం? రేపు ఆసుపత్రిలో చేరాల్సొస్తే ఉన్న ఇన్సూరెన్సు కూడా ఆ కంపెనీదే," అంది. అసలు మాట అది కాదని ఆమెకి తెలుసు. ఆ కుర్చీలో కూర్చున్న ఎనిమిది గంటలూ ఆమె జబ్బు మనిషి కాదు. తప్పు పట్టే మనిషి, తప్పు దిద్దే మనిషి, ఎవరికైనా సందేహం వస్తే ఫోన్ చేసి అడిగే మనిషి. అది పోతే మిగిలేది మంచం, బాత్రూము.

వసారాలో ఎండుచేపలు ఏరుతున్న అత్తగారు కొండలమ్మ ఇదంతా వింటూనే ఉంది. అరవై రెండేళ్ళ మనిషి, మొన్నమొన్నటిదాకా గంపెత్తుకుని ఊళ్ళు తిరిగి చేపలు అమ్మింది. కోడలి జబ్బుని ఆమె ఎప్పుడూ పెద్దగా లెక్కచేయలేదు.

"కడుపు నొప్పికి ఇంత రాద్ధాంతమేంటే అమ్మాయ్? ఇంగువ వేసిన మజ్జిగ తాగి బస్సెక్కు," అంది.

సుధామణి లేచి కంప్యూటర్ ముందుకి వెళ్ళిపోయింది. 

మర్నాడు డాక్టరు గారి క్లినిక్కుకి ఫోన్ చేసి సర్టిఫికెట్ కావాలని అడిగింది. సాయంత్రానికల్లా అక్కడి అసిస్టెంటు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాడు. రెండు లైన్లు. ఈమెకు ఉదర సంబంధమైన ఇబ్బంది ఉన్నది, వీలైనంత విశ్రాంతి అవసరం అని.

సుధామణి అది రెండుసార్లు చదివింది. ఇలాంటి కాగితాలు చదవడమే కదా ఆమె పని. ఎన్ని వేల కాగితాలు చదివిందో. ఉదర సంబంధమైన ఇబ్బంది అంటే ఏదైనా కావచ్చు, ఏదీ కాకపోవచ్చు. విశ్రాంతి అంటే పనిచేయలేదని అర్థం. ఆ కాగితం పెడితే కమిటీవాళ్ళు, పాపం విశ్రాంతి తీసుకోండి అని జీతం లేని సెలవు మీద పంపేస్తారు. తప్పు వాళ్ళది కూడా కాదు. అదే కాగితం వేరేవాళ్ళది తన ముందుకొస్తే తనూ అంతే చేసేది.

మళ్ళీ ఫోన్ చేస్తే అసిస్టెంటు విసుక్కున్నాడు. "డాక్టరు గారు ఒకసారి రాసిచ్చాక మార్చరండీ." రెండు రోజులు అలాగే గడిచాయి. మూడో రోజు గణేష్ సరుకు దింపేసి, తిన్నగా సూర్యారావుపేటలోని క్లినిక్కుకి వెళ్ళాడు. చేపల వాసనకి పక్కవాళ్ళు జరిగి కూర్చుంటుంటే తను బయటికొచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. పేరు పిలిచాక లోపలికెళ్ళి, వీడియో కాల్ కలిపి ఫోను డాక్టరు గారి చేతికిచ్చాడు.

"ముప్పై ఏళ్ళ ప్రాక్టీసు నాది," అన్నాడు సాంబమూర్తి. "సర్టిఫికెట్ ఎలా రాయాలో నాకు నేర్పుతావా అమ్మా?"

"అయ్యో, అంత మాట కాదండీ. రోజూ ఇలాంటివి చదివే ఉద్యోగమేనండీ నాది. ఇదే కాగితం వేరేవాళ్ళది నా దగ్గరికొస్తే నేనే తిప్పి పంపిస్తానండీ."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని తను రాసిన రెండు లైన్లూ మళ్ళీ చదువుకున్నాడు. 

"సరే. ఏమేం ఉండాలో చెప్పు."

ముందే రాసి పెట్టుకున్న కాగితం తీసి ఒక్కొక్కటీ చదివింది. జబ్బు పేరు. ఎప్పటి నుంచి. ఏ పరీక్షలో తేలింది. రేగినప్పుడు రోజుకి ఎన్నిసార్లు, ఎంత వ్యవధిలో. ఏ పని చేయగలదు, ఏది చేయలేదు. ఎంతకాలం.

"పనిచేయగలదని కూడా రాయాలా?"

"అదే ముఖ్యమండీ. ఇంట్లో కూర్చుని పూర్తిగా చేయగలనండీ. చేస్తూనే ఉన్నాను. నేను చేయలేనిది దూర ప్రయాణం."

ఆయన ఈసారి లెటర్‌హెడ్ మీద పేజీ నిండా రాశాడు. ఫోను గణేష్‌కి తిరిగిచ్చేటప్పుడు, "ఎప్పుడూ ఎవరూ ఇలా అడగలేదు," అన్నాడు.

డాక్టరు కాగితం కుదిరింది. ఇక మిగిలింది తను నింపాల్సిన అర్జీ. అందులో ఒక గడి ఉంది. మీ ఇబ్బందిని మీ మాటల్లో వివరించండి. సుధామణి అక్కడ ఆగిపోయింది. అర్జీ ముందు మేనేజర్ వేణుగోపాల్ దగ్గరికి వెళుతుంది. ఆరేళ్ళుగా ఫోన్లో సుధామణి గారూ అని పిలిచే మనిషి. ఆయన ఇది చదివాక ఏ మీటింగులో తన పేరు విన్నా ఆయనకి ముందు ఏం గుర్తొస్తుంది? రాసింది, చెరిపింది. మళ్ళీ రాసింది. ఇరవయ్యో తేదీ సాయంత్రం నాలుగింటికి, జీర్ణవ్యవస్థకు సంబంధించిన దీర్ఘకాలిక సమస్య, వివరాలు డాక్టరు పత్రంలో చూడగలరు అని మాత్రం రాసి పంపేసింది. పంపాక కూడా తేలిక అనిపించలేదు. డాక్టరు చేత నిజం రాయించి, తను మాత్రం దాన్ని చాటున పెట్టానన్న సంగతి లోపల గుచ్చుతూనే ఉంది.

మూడు రోజులకి జవాబొచ్చింది. ఇరవయ్యారో తేదీ ఉదయం పదకొండింటికి కమిటీ ముందు స్వయంగా హాజరు కావాలని.

సుధామణి ఎచ్ఆర్ హెడ్ ఉషశ్రీకి ఫోన్ చేసింది. "మేడమ్, ప్రయాణం చేయలేననే కదండీ అర్జీ. వీడియోలో మాట్లాడుకోకూడదా?"

"నాకు అర్థమవుతుందండీ. కానీ మనిషిని చూడకుండా నిర్ణయం తీసుకోకూడదని పాలసీ. ఒక్కసారే కదండీ, కొంచెం ఓపిక చేసుకోండి." గొంతు మర్యాదగానే ఉంది.

నాలుగు రోజులుగా సరిగ్గా నిద్ర లేక, ఆందోళనతో జబ్బు అప్పటికే కాస్త రేగింది. ఇరవయ్యయిదో తేదీ మధ్యాహ్నం నుంచి సుధామణి అన్నం మానేసింది. నీళ్ళు కూడా గుక్కెడు గుక్కెడే. గణేష్‌కి మర్నాడు పొద్దున చెరువులో చేపలు పట్టించే పని ఉంది, కదలడానికి లేదు. తెల్లవారి ఆమె బ్యాగు సర్దుకుంటుంటే కొండలమ్మ చీర మార్చుకుని చెప్పులేసుకుంది.

"మీరెక్కడికి అత్తయ్యా?"

"నీతోటే. నిన్నటి నుంచీ మెతుకు ముట్టని మనిషిని ఒంటరిగా పంపుతారా ఎక్కడన్నా?"

ఏడున్నర బస్సెక్కారు. ఆడవాళ్ళకి టికెట్టు ఉచితం చేసినప్పటి నుంచీ ఆ బస్సు చల్లపల్లిలోనే నిండిపోతోంది. కొండలమ్మ ఎవరితోనో మాట్లాడి కోడలికి తలుపు దగ్గర సీటు సంపాదించి, తను పక్కన కమ్మీ పట్టుకుని నిలబడింది. కూచిపూడి దాటింది. పామర్రులో బస్సు ఆగినప్పుడు సుధామణి దిగి బస్టాండులో బాత్రూముకి వెళ్ళొచ్చింది. అవసరమై కాదు, ముందు జాగ్రత్తకి. మళ్ళీ ఎక్కి కూర్చున్నాక, ఇంక ఉయ్యూరు అరగంటే అనుకుంది. ఉయ్యూరు బస్టాండు, తరవాత కంకిపాడు, ఆ తరవాత ఊరే. కిటికీలోంచి చూస్తే అటూ ఇటూ చెరుకు తోటలు, మురుగు కాలవలు, దుక్కి దున్నిన మళ్ళు. ఎక్కడా ఒక గోడ లేదు, చాటు లేదు. అలా చూడటం ఆమెకి అలవాటు. మిగతావాళ్ళు పొలాలు చూసేచోట ఆమె తలుపులున్న చోట్లు వెతుక్కుంటుంది.

పామర్రు దాటిన పది నిమిషాలకి కడుపులో మెలి మొదలైంది.

ఒళ్ళంతా చెమట పట్టింది. పళ్ళు బిగించి, ముందు సీటు కమ్మీని రెండు చేతులతో పట్టుకుంది. లోపల లెక్క నడుస్తోంది. రెండు నిమిషాలు. మూడు నిమిషాలు. బస్సు నిండా జనం. కోడలి మొహం చూసిన కొండలమ్మకి ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. జనాన్ని తోసుకుంటూ డ్రైవరు దగ్గరికెళ్ళింది.

"బాబూ, ఆ కనపడే బంకు దగ్గర ఆపు. ఆడకూతురికి బాగాలేదు."

"స్టాపు లేదు పెద్దమ్మా. ఉయ్యూరు ఎంతసేపు, పావుగంట."

"పావుగంట ఆగేదైతే నిన్నెందుకు బతిమాలతాను? ఆపు బాబూ, నీకు పుణ్యముంటుంది."

ముప్పై ఏళ్ళు వీధుల్లో చేపలు కేకేసి అమ్మిన గొంతు అది. బస్సు మొత్తం వినపడింది. వెనక ఎవరో నవ్వారు. బస్సు ఆగింది. సుధామణి తల వంచుకుని దిగి, పెట్రోలు బంకులోకి పరుగులాంటి నడకతో వెళ్ళింది. బాత్రూముకి తాళం. "తాళంచెవి మేనేజరు గారి దగ్గరుందండీ, ఆయన టిఫినుకెళ్ళారు," అన్నాడు పెట్రోలు కొట్టేవాడు. వెనకే వచ్చిన కొండలమ్మ అతని మీదికి లేచింది. ఏమందో సుధామణికి వినపడలేదు. చెవుల్లో హోరు. ఆఫీసు గదిలోంచి ఇంకొకడు తాళంచెవి పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. సరిపోయింది. అతికష్టం మీద సరిపోయింది.

ఆమె బయటికొచ్చేసరికి బస్సు లేదు. కొండలమ్మ బ్యాగు ఒళ్ళో పెట్టుకుని సిమెంటు గట్టు మీద కూర్చుని ఉంది.

"అయిదు నిమిషాలు ఆపాడు పాపం. జనం గొణిగారు, పొమ్మన్నాను."

సుధామణి పక్కన కూలబడి ఏడ్చింది. ఇక్కడ ఇలా ఏడుస్తున్నందుకు కూడా సిగ్గేసింది.

కొండలమ్మ బ్యాగులోంచి నీళ్ళ సీసా తీసి ఆమె చేతికిచ్చింది. "గంపెత్తుకుని తిరిగిన రోజుల్లో పొద్దున లేచి మంచినీళ్ళు తాగేదాన్ని కాదే," అంది. "ఎండాకాలం కూడా. తాగితే వెళ్ళాల్సొస్తుంది. ఎక్కడికెళ్తావు? చేపలమ్మేదాన్ని ఎవరు రానిస్తారు వాళ్ళ దొడ్లోకి? మధ్యాహ్నం ఇంటికొచ్చిందాకా బిగబట్టడమే. మూత్రంలో మంట, జ్వరాలు. ఆసుపత్రిలో లేడీ డాక్టరు అడిగితే కూడా చెప్పలేదు. సిగ్గు. మీ మామయ్యకీ చెప్పలేదు." కోడలి వైపు తిరిగింది. "నీది కడుపు నొప్పే అనుకున్నాను. ఇందాక నీ మొహం చూశాక తెలిసింది."

 పదమూడేళ్ళు ఒకే ఇంట్లో ఉండి ఆ సంగతి సుధామణికి తెలియదు.

ముప్పావుగంట ఎదురుచూశాక ఉయ్యూరు దాకా ఆటో, అక్కడి నుంచి ఇంకో బస్సు. కంకిపాడు దగ్గర పైపుల కోసం రోడ్డు తవ్వారని గంటకి పైగా ఆగిపోయారు. బెంజ్ సర్కిల్‌లో దిగి నాలుగో అంతస్తుకి చేరేసరికి పన్నెండు దాటింది. రిసెప్షన్‌లో అమ్మాయి రిజిస్టరు చూసి, "మీ టైము అయిపోయిందండీ. లంచ్ తరవాత వీలైతే పిలుస్తారు," అంది. రెండున్నర దాకా అత్తాకోడళ్ళిద్దరూ గోడవారన ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. ఇంత దూరం వచ్చి పిలవకుండానే పంపేస్తారేమో అన్న దిగులు సుధామణికి ఒకవైపు. పిలిస్తే ఏం చెప్పాలన్నది ఇంకోవైపు.

పిలిచారు. బల్లకి అవతల ఉషశ్రీ, వేణుగోపాల్. గోడ మీది టీవీలో కంపెనీ డాక్టరు. ఆయన హైదరాబాదు నుంచి వీడియోలో కూర్చున్నాడు.

"పదకొండింటికి కదండీ రమ్మన్నాం," అన్నాడు వేణుగోపాల్. కోపంగా కాదు, నొచ్చుకున్నట్టు. "ఇలాంటి రోజైనా ఓ గంట ముందు బయల్దేరాల్సింది."

ట్రాఫిక్ అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. అందరూ ఒప్పుకునే మాట. చెబితే అక్కడితో అయిపోతుంది. సుధామణి ఆ మాట మింగేసింది.

"ఏడున్నరకే బస్సెక్కానండీ. పామర్రు దాటాక విరేచనం వచ్చింది. నాది పెద్దపేగులో పుళ్ళు పడే జబ్బండీ. వస్తే రెండు నిమిషాలు కూడా ఆపుకోలేను. బస్సు ఆపించి పెట్రోలు బంకులోకి పరుగెత్తాను. నేను బయటికొచ్చేలోపు బస్సు వెళ్ళిపోయింది." సుధామణి ఆగలేదు. "నిన్న మధ్యాహ్నం నుంచీ ఏమీ తినలేదండీ, ఇలా అవుతుందనే. అయినా అయింది. అర్జీలో ఈ మాట రాయలేకపోయాను. సిగ్గేసి."

 వేణుగోపాల్ బల్ల మీది పెన్ను వంక చూస్తున్నాడు. టీవీలో డాక్టరు మాత్రం మామూలుగా, ఏ మందులు వాడుతున్నారు, ఆఖరుసారి పరీక్ష ఎప్పుడు చేశారు, ఇప్పుడు రోజుకి ఎన్నిసార్లు అని అడిగాడు. ఆయన అడిగిన తీరు ఆమెకి ఊరటనిచ్చింది. అన్నిటికీ అంకెలతో సహా చెప్పింది.

"రెస్ట్‌రూమ్ పక్కనే సీటు ఇవ్వొచ్చండీ," అంది ఉషశ్రీ.

"ఆఫీసులో బాత్రూము గురించి కాదు మేడమ్. మా ఇంటికీ ఇక్కడికీ మధ్యలో ఉన్న రోడ్డు గురించి."

"మరి విజయవాడలోనే ఇల్లు తీసుకుంటే?" వేణుగోపాల్ అడిగాడు.

"మావారి పని చెరువుల దగ్గరండీ. పాప అక్కడ ఏడో తరగతి చదువుతోంది. ఇక్కడికి మారినా ఆటోలో అరగంట పడుతుంది కదండీ ఏ మూల నుంచైనా. నాకు అరగంట కూడా ఎక్కువే, జబ్బు రేగినప్పుడు." వేణుగోపాల్ వైపు తిరిగింది. "ఆరేళ్ళుగా ఇంటి నుంచే చేస్తున్నాను. నా పనిలో ఏమైనా తేడా వచ్చిందేమో సారే చెప్పాలి."

"పనిలో వంక పెట్టడానికి లేదు," అన్నాడు వేణుగోపాల్. వెంటనే, "కానీ ఇన్‌చార్జి అన్నాక టీము పక్కన ఉండాలి కదండీ," అని కూడా అన్నాడు.

నిర్ణయం మెయిల్లో పంపుతామంది ఉషశ్రీ.

జూన్ ముప్పై వచ్చింది, జవాబు రాలేదు. రెండుసార్లు మెయిల్ పెట్టింది. జూలై ఒకటి పొద్దున్న వెళ్ళాలో ఉండాలో తెలియక, స్నానం చేసి చీర కట్టుకుని మరీ కంప్యూటర్ ముందు కూర్చుంది. తొమ్మిదింటికి పాస్‌వర్డ్ కొడితే, మీకు అనుమతి లేదు అని వచ్చింది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ అదే.  ఉద్యోగం పోయింది, చెప్పడం మర్చిపోయారు అనుకుంది. ఉషశ్రీ పదకొండింటికి గానీ ఫోన్ ఎత్తలేదు.

"అయ్యో, ఐటీ వాళ్ళు ఇంటి నుంచి చేసే లాగిన్లన్నీ ఒకేసారి ఆపేశారండీ. మీ ఫైలు ఇంకా సంతకం మీద ఉంది. అందాకా సెలవు కింద వేస్తాం."

"సంతకం అవుతుందాండీ?"

"నేను చెప్పకూడదండీ," అంది ఉషశ్రీ. "మందులు వేసుకుంటున్నారా?" అని అడిగింది. ఆ ప్రశ్నకి ఏ అర్థం చెప్పుకోవాలో సుధామణికి తెలియలేదు. రెండు రోజులూ దాన్నే తిరగేసి మరగేసి ఆలోచించింది.

మూడో తేదీ సాయంత్రం ఉత్తరం వచ్చింది. ఆరు నెలల పాటు ఇంటి నుంచి పనిచేయవచ్చు. మూడు నెలలకొకసారి కొత్త సర్టిఫికెట్ పెట్టాలి. ఇన్‌చార్జి బాధ్యత ఆఫీసులో ఉండే మరొకరికి అప్పగిస్తున్నాం. కింద వేణుగోపాల్ సంతకం.

ఆఖరి వాక్యం ఆమె చాలాసేపు చూసింది. తను పని నేర్పిన కుర్రపిల్ల ఒకతె రేపటి నుంచి తన ఫైళ్ళు చూస్తుంది. గణేష్ సంబరపడి మిఠాయి తెస్తే తినలేకపోయింది. కొండలమ్మ మాత్రం, "పెత్తనం పోతే పోయిందిలే, పని ఉంది కదా," అని ఊరుకుంది. మొదటి వారం కష్టంగానే గడిచింది. రెండో వారానికి పనిలో పడిపోయింది.

ఆ నెలాఖరులో జాన్ పాల్ అనే అతను ఫోన్ చేశాడు. అదే కంపెనీలో ఇంకో విభాగం. తెనాలి నుంచి రైల్లో వచ్చిపోతాడు. వెన్నెముకకి ఆపరేషనయింది, గంటసేపు నిలబడితే కాళ్ళు మొద్దుబారతాయి. అతని అర్జీ తిరస్కరించారు.

"మీకు ఇచ్చారని తెలిసిందండీ. ఎలా రాశారో కొంచెం చెబుతారా?"

రేపు చెబుతానని పెట్టేసింది సుధామణి. ఆ మధ్యాహ్నమంతా మనసు మనసులో లేదు. ఒకరి తరవాత ఒకరు అడగడం మొదలుపెడితే కంపెనీకి విసుగొచ్చి అందరివీ రద్దు చేస్తే? తన ఆరు నెలలు కూడా పోతే? ఇది స్వార్థమని తెలుసు, అయినా భయం భయమే. మర్నాడు టీ తాగే వేళకి తనే ఫోన్ చేసింది.

"మీ డాక్టరు ఏం రాశారో చదవండి ముందు," అంది.

అతను చదివాడు. ఆమె కాగితం దగ్గరికి లాక్కుని ప్రశ్నలు వేసింది. స్టేషను దాకా ఎంత దూరం నడుస్తారు, రైల్లో సీటు వారంలో ఎన్ని రోజులు దొరుకుతుంది, కాళ్ళు మొద్దుబారితే ఎంతసేపటికి తగ్గుతుంది, ఎప్పుడైనా పడిపోయారా అని.  ఆఖరిదానికి అతను గొంతు తగ్గించి, రెండుసార్లు పడ్డానండీ, ఇంట్లో కూడా చెప్పలేదు అన్నాడు. అది రాయండి అంది సుధామణి.

మళ్ళీ పెట్టుకున్న అర్జీ మీద ఆగస్టులో అతనికి మూడు నెలలు ఇచ్చారు. సుధామణి కొత్త సర్టిఫికెట్ పెట్టాల్సిన గడువు అక్టోబరు మొదటివారం. సెప్టెంబరు సగం దాటేసరికి ఆమెకి మళ్ళీ నిద్ర తగ్గింది. సర్టిఫికెట్ కోసం రక్తం పరీక్షకి ఇచ్చి ఫలితం కోసం చూస్తోంది. ఫోన్ చేస్తే డాక్టరు గారి క్లినిక్కులో అసిస్టెంటు ఈసారి విసుక్కోకుండా, ఏ తేదీకి కావాలండీ అని అడిగి రాసుకున్నాడు.